అర్ధరూపాయి భేదము

ఈ సంచికకు వ్యాసము కావలెనని మమ్ములను కోరిన మిత్రులు, మేము బళ్లారి నాటకరంగమును గూర్చి వ్రాయుదుమని తలచియుందురు. బళ్లారి తెలుగువారు కలము పట్టినచో ధర్మవరము రామకృష్ణమాచార్యులవారితో ఆరంభించి, కోలాచలము శ్రీనివాసరావుగారి మీదుగా నడచి, రాఘవగారి కడ ముగించుట వాడుక. ఆ మహనీయులను గూర్చి మాకంటె బాగుగ ఎరిగినవారు ఈ పుటలలోనే ఉన్నారు. కనుక మేము జీపును గూర్చి వ్రాయుచున్నాము. ఇంకను స్పష్టముగ చెప్పవలెనన్న, జీపు అడుగున ఇరుసు నడుమ గుమ్మడికాయవలె ఉబ్బియుండు ఇనుపపెట్టెను గూర్చి వ్రాయుచున్నాము. దానిని డిఫరెన్షియల్ అందురు. మేస్త్రీలు తమ నోటికి అనువుగ డిఫ్రెన్సు అందురు.

సాంస్కృతిక సంచికలో ఇనుపపెట్టెకు చోటేమని కొందరు నవ్వవచ్చును. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు అటు పోయినవి; బళ్లారి, సండూరు, హొసపేట మొదలగునవి మైసూరులో చేరినవి. చుట్టరికములు మాత్రము గీతకు రెండుప్రక్కల నిలిచినవి. ఆడపడుచులు అటు, అన్నదమ్ములు ఇటు. పొలము అటు, బడి ఇటు. ఆ చుట్టరికములను ఇన్నేండ్లు కలిపి ఉంచినవి ఉత్తరములా, పెండ్లిండ్లా, బండ్లా అని అడిగినచో, వానకాలమున రేగడి దారిని ఎరిగినవారు మొదట బండినే చెప్పుదురు. ఎండకాలమున రాయివలె ఉండు ఆ నల్లనేల, రెండు వానలు పడినంతనే జిగురుగా మారి చక్రమును విడువదు. కాలిజోడును సైతము విడువదు.

జీపు ఈ సీమకు పరదేశి కాదు. 1941 నుండి యుద్ధము ముగియువరకు అమెరికాలో విల్లిస్, ఫోర్డు కంపెనీలవారు ఆరు లక్షలకు పైగా జీపులను తయారుచేసిరి. సైన్యమునకు అక్కరలేక మిగిలిన బండ్లు డిస్పోజల్సు పేరిట మన దేశమున అమ్ముడైనవి. స్వాతంత్ర్యము వచ్చిన కొలది ఏండ్లకే బొంబాయిలో మహీంద్రవారు విల్లిస్ జీపులను కూర్చి అమ్మజొచ్చిరి. సండూరు కొండలలో ఇనుపరాయి, మాంగనీసు త్రవ్వించువారికి ఇంతకంటె అనువైన బండి దొరకలేదు. మా ఇంటనున్నది సైన్యము వదలినవాటిలో ఒకటి. మా తండ్రిగారు ఒక కంట్రాక్టరు వద్ద కొనినారు. దానికి మాకంటె వయస్సెక్కువ.

ఆ జీపు ఈనాటికిని మా ఇంట ఉండుటకు కారణము పాతవస్తువుల మీది మోజు కాదు. మా అక్కగారు ఆలూరు తాలూకాలో, తారురోడ్డు నుండి రెండు మైళ్లు రేగడిలో లోపలికి పోవలసిన ఒక పల్లెలో ఉన్నారు. బావగారు పోయిన తరువాత ఒంటరిగనే ఉన్నారు. ఆమెకు మూత్రపిండముల జబ్బు. వారమునకు రెండుమారులు, నియమితమైన దినములలో, బళ్లారి ఆసుపత్రికి తీసికొనిరావలెను. ఆ దినము తప్పుటకు వీలులేదు. వాన వచ్చినది, బండి దిగబడినది అన్న మాటలను రక్తము వినదు. “బండి పోతే పోనీ, అక్కను ఇక్కడికి తెచ్చుకుందాం” అని మా ఇంటివారందరును అనుచునే ఉన్నారు. ఆమె మాత్రము, “నా గడప దాటి నేను రాను. మీకు రాను చేతకాకుంటే చెప్పండి, నా పాట్లు నేను పడతా” అని ఒక్క మాట చెప్పి ఊరకుండెను. కనుక ఆ జీపు నడుచుటయనగా ఆమె తన ఇంట నుండుట. అది నిలుచుటయనగా ఆమె ఇల్లు విడుచుట.

రెండేండ్ల క్రిందట ఆ జీపు వెనుక ఇరుసు విరిగెను. బళ్లారిలోని ఒక కార్ఖానావారు మరియొక పాతబండి నుండి తీసిన ఇరుసును పెట్టెతో సహా తెచ్చి తగిలించిరి. స్ప్రింగుల మీద చక్కగా కూర్చుండెను, చక్రములు సరిపడెను, బండి నడచెను. అప్పుడు ఎండకాలము. నాలుగు చక్రముల లాగుడు మీటను వేయవలసిన అవసరము నాలుగైదు నెలలు రాలేదు. తొలకరి పడిన పిమ్మట ఒకనాడు రేగడిలో దిగుటకు ముందు, తారుమీదనే మీట వేసితిమి. నూరు గజములు పోవునప్పటికి బండి ఎవరో వెనుకనుండి పట్టి లాగుచున్నట్లు బరువెక్కెను. స్టీరింగు బిగిసెను. అడుగున ఎక్కడనో టక్కుమని శబ్దము. మీటను వెనుకకు తీయబోగా రాలేదు. కొంచెము రివర్సులో నడిపిన పిదప వదలెను. రేగడిలో దిగినపుడు అంత బాధ లేకపోయినను, పెట్టెలు ఎన్నడును లేనంత వేడెక్కినవి.

ఇరుసు తగిలించినవారిని అడుగగా, “వెనుక డిఫరెన్షియల్ అయిపోయింది, క్రౌను, పినియన్ సెట్టు మార్చాలి” అనిరి. మరియొకచోట చూపగా, నడుమనున్న ట్రాన్స్‌ఫర్ కేసు చెడినదనిరి. ఇద్దరును చెప్పిన మొత్తములు కలిపినచో ఆ జీపు విలువను మించును. అమ్మివేయుమని ఉచితముగ సలహా ఇచ్చినవారు పదిమంది. అందరి మాటయును నమ్మదగినట్లే ఉండెను. అందరును ఇరుసు క్రింద వంగి టార్చి వేసి చూచినవారే. అప్పుడు ఒక లారీ డ్రైవరు, కూరెకుప్పలో ఒక ముసలి మేస్త్రి ఉన్నాడని, వెనుకటికి గనుల జీపులన్నియు ఆయన చేతిమీదుగనే పోయెడివని చెప్పెను.

బళ్లారి నుండి హొసపేట పోవు దారిలో, నవీన శిలాయుగపు బూడిదదిబ్బ గల కుడితిని దాటి, తోరణగల్లు చేరువలో కూరెకుప్ప ఉన్నది. సండూరు తాలూకాలోనిది. ఇప్పుడది పల్లెయనుటకు వీలులేదు. ఉక్కు కార్ఖానా పొగగొట్టములు ఆకాశమున సగము ఆక్రమించినవి. ఇనుపరాయి ధూళి చెట్లకు, గోడలకు, ఎండవేసిన బట్టలకు, పశువుల వీపులకు ఒకే కావిరంగు పూసియుండును. 2011 జూలైలో సుప్రీంకోర్టు బళ్లారి జిల్లాలో గనులను నిలిపివేసినప్పుడు ఇక్కడి మేస్త్రీలలో సగముమంది పని లేక ఊరు విడిచిపోయిరట. ఆయన విడువలేదు. అంగడి అనదగినది కాదు. ఒక వేపచెట్టు, రెండు రేకులు, ఒక పాత గొలుసు కప్పీ. పేరు వ్రాయవద్దని కోరినాడు గనుక మేస్త్రి యనియే వ్రాయుచున్నాము. డెబ్బదియైదు దాటినవాడు. కుర్రవానితో కన్నడము, లారీవారితో ఉరుదూ, మాతో తెలుగు మాటలాడినాడు. ఒకదానిలో ఆరంభించిన వాక్యమును మరియొకదానిలో ముగించుట అతనికి ఉచ్ఛ్వాసనిశ్వాసములంత సహజము.

ఆయన చేసిన పరీక్షను చెప్పుటకు ముందు ఆ పెట్టెలోని సంగతి కొంత చెప్పుట అవసరము. ఎద్దుబండి ఇరుసు తిరుగదు. చక్రములే దాని కొనలయందు వేరువేరుగ తిరుగును. కనుక బండి మలుపు తిరుగునప్పుడు బయటిచక్రము ఎక్కువ దూరము, లోపలిచక్రము తక్కువ దూరము పోయినను తగవులేదు. మోటారుబండికి అట్లు కాదు. ఇంజను బలము ఇరుసు ద్వారా చక్రములకు పోవలెను. రెండు చక్రములను ఒకే కడ్డీకి బిగించినచో మలుపులో ఏదో ఒకటి నేలమీద ఈడ్చుకొనిపోవలసినదే. ఈ చిక్కును తీర్చుటకు 1827-28 ప్రాంతమున ఫ్రాన్సు దేశమున ఓనెసిఫోర్ పెక్యూర్ అను గడియారపు పనివాడు ఆవిరిబండికై ఒక ఉపాయము పన్ని హక్కుపత్రము పొందెను. ఇంజను నుండి వచ్చు పొడవాటి షాఫ్టు కొనను పినియన్ అను చిన్న పండ్లచక్రము. అది క్రౌను అను పెద్ద పండ్లచక్రమును త్రిప్పును. క్రౌనుతోపాటు తిరుగు గూటిలో చిన్న స్టారు గేర్లు ఉండును. అవి కుడియెడమల కడ్డీలకు బలమును సమముగ పంచుచు, వేగములో మాత్రము ఎవరి స్వేచ్ఛ వారికి ఇచ్చును. ఒకటి ఎంత తగ్గిన రెండవది అంత పెరుగును. రెండింటి సగటు ఎల్లప్పుడును క్రౌను వేగమే. ఒక చక్రమును కదలకుండ పట్టినచో రెండవది క్రౌను ఒక చుట్టు తిరుగులోపల రెండు చుట్లు తిరుగును. ఈ చివరిమాటను పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక.

(భిన్నవేగములతో నడచుచు ఒకే బరువును మోయు రెండు చక్రములను చూచి, సరిహద్దుజిల్లాలో రెండు భాషలను గూర్చి ఒక ఉపమానము చెప్పవలెనని కలము ఉబలాటపడుచున్నది. వార్షికోత్సవమున ఉపన్యాసకులకు పనికివచ్చును. మేము ముందుకు పోదుము.)

నాలుగు చక్రములు లాగు జీపులో ఇట్టి పెట్టెలు ముందొకటి, వెనుకొకటి ఉన్నవి. కాని ముందువెనుకల నడుమ అట్టి సర్దుబాటు పాత జీపులో లేదు. మీట వేసినంతనే ముందు షాఫ్టు, వెనుక షాఫ్టు ఒకదానికొకటి కట్టివేయబడును. మలుపులో ముందుచక్రములు వెనుకచక్రములకంటె పెద్దవలయము గీయును గనుక, గట్టినేల మీద ఆ రెండు షాఫ్టుల నడుమ బిగువు పెరుగును. మట్టిలో, ఇసుకలో చక్రము కొంత జారి ఆ బిగువును వదలించుకొనును, తారుమీద జారలేదు. అందుచేతనే పొడిరోడ్డుపై నాలుగుచక్రముల మీట వేయరాదని ఈ సీమలో చిన్నపిల్లలకును తెలియును. అయితే నూరు గజములు నేరుగా పోవునప్పటికే అంత బిగువు రావలసిన పని లేదు. అక్కడనే రోగము దాగియున్నది.

మేస్త్రి మొదట బండి క్రిందికి వంగలేదు. చెట్టుక్రింద కూర్చుండి ప్రశ్నలడిగినాడు. రొద వచ్చుచున్నదా? వచ్చినచో యాక్సిలేటరు తొక్కినప్పుడా, వదలినప్పుడా? తొక్కినప్పుడు ఊళవేసి వదలగనే మానినచో క్రౌను, పినియన్ పండ్ల మీద అనుమానము. తొక్కినను వదలినను ఒకేరీతి గరగరలాడుచు, బండిని ప్రక్కకు వంచినప్పుడు మారినచో అది చక్రపు బేరింగు. నేరుగా పోవునప్పుడు నిశ్శబ్దముగ నుండి మలుపులో మాత్రమే కటకటలాడినచో స్టారు గేర్లు. కదలబోవు క్షణమున ఒక్క దెబ్బ కొట్టి ఊరకుండినచో షాఫ్టు కొనలలోని క్రాసు. ఇవన్నియు పుస్తకములలో ఉన్నవే. కాని పుస్తకము చదివినవారు పెట్టె విప్పుటకు తొందరపడుదురు. ఈయన విప్పకుండుటకు తొందరపడినాడు. “విప్పితే కూలి వస్తాది సామీ, రోగం దొరకదు” అన్నాడు.

వెనుకచక్రముల మీద మాత్రమే నడుచునప్పుడు ఏ రొదయును లేదని చెప్పితిమి. “అయితే వెనక పెట్టె మీద నేరం మోపినోళ్లు ఎవరు?” అని, మా జవాబునకు ఎదురుచూడక, నూనెమూత విప్పి వ్రేలు పెట్టినాడు. నూనె రంగు చూచి, వాసన చూచి, ఒక పాత స్పీకరు అయస్కాంతమును అందులో ముంచి తీసినాడు. నల్లని బంక కొంచెము అంటినది. ఇనుపరజను తళుకు లేదు, పండ్లముక్క లేదు. “పెట్టె కడుపు శుభ్రంగా ఉండాది” అని తీర్పు.

పిదప టైర్ల వంతు. ముందువెనుక టైర్ల చుట్టుకొలతలో తేడా ఉన్నచో ఇట్టి బిగువే వచ్చును; కొత్తవి ముందు, అరిగినవి వెనుక వేసికొని బండిని తిట్టువారు చాలమంది ఉన్నారట. ప్రతి టైరుకు సుద్దగీత గీసి, బండిని ఒక్క చుట్టు తోసి, నేలమీది గుర్తుల నడుమ దారముతో కొలిచినాడు. నాలుగు కొలతలును సమానమే.

అప్పుడు బండిని ఎఱ్ఱధూళి నిండిన చదునునేల మీదికి తోలించినాడు. ఒకమారు మీట వేయకుండ, ఒకమారు వేసి, నేరుగా. దిగి జాడలు చూచితిమి. నేరుగా పోవునప్పుడు ముందుచక్రపు జాడ మీదనే వెనుకచక్రము నడచును గనుక, కనబడునది వెనుకదాని ముద్రయే. మొదటి జాడలో టైరు మీది ప్రతిగాడియును అచ్చుగ్రుద్దినట్లు దిగినది. రెండవదానిలో గాడులు లేవు, అరచేత అలికినట్లున్నది. ఖాళీబండిలో బరువంతయు ఇంజనుక్రింద, ముందుప్రక్కననే ఉండును గనుక, తగవులో ఓడిపోయి ఈడ్వబడునది తేలికయైన వెనుకప్రక్కయే. మేస్త్రి చాలసేపు గొంతుకూర్చుండి ఆ జాడను చూచినాడు. తరువాత తల ఎత్తి, “సామీ, ఈ ఇరుసు వేసినప్పటి నించి మీ మైళ్ల ముల్లు ఎక్కువ చూపుతాందా?” అని అడిగినాడు.

మా ఒడలు జలదరించెను. అక్కగారి ఊరికి ఆ మీటరు లెక్కన ముప్పది మైళ్లు. మా తండ్రిగారి కాలమునుండియు ముప్పదియే. ఇరుసు మార్చిన తరువాత అది ముప్పదిమూడు చూపుచున్నది. ముసలిమీటరు గదా అని ఎవరును పట్టించుకొనలేదు. రాష్ట్రములు విడిపోయిన కొలది దూరమును పెరుగుచున్నదని మా ఇంట ఒక హాస్యముగ మాత్రము అది చెలామణియగుచుండెను. వెనుకపెట్టెలోని పండ్లలెక్క మారిన, చక్రమునకు షాఫ్టుచుట్లు ఎక్కువ కావలసివచ్చును. మీటరు లెక్కించునది షాఫ్టుచుట్లను గనుక అది మైళ్లను పెంచి చూపును. హాస్యము కాదు, సాక్ష్యము.

రుజువు ఇక పది నిమిషముల పని. ఆ జీపులో చేతిబ్రేకు చక్రముల మీద ఉండదు, వెనుక షాఫ్టు మొదట ఉండును. దానిని వదలినగాని షాఫ్టు తిరుగదు. వదలినచో, ఒక చక్రము గాలిలో నుండగా బండి దొర్లిపోవచ్చును. కనుక తక్కిన చక్రములకు ముందువెనుకల రాళ్లు పెట్టించినాడు. జాకీతో వెనుక ఎడమచక్రమును మాత్రము లేపించి, గేరును న్యూట్రల్‌లో ఉంచి, టైరు మీద ఒక సుద్దగీత, షాఫ్టు మీద ఒక సుద్దగీత గీసినాడు. కుడిచక్రము నేలమీద కదలక ఉన్నది గనుక, లేచిన చక్రమును రెండు చుట్లు త్రిప్పిన క్రౌను ఒక చుట్టు తిరుగును. పైన జ్ఞాపకముంచుకొనుమన్న మాట ఇదియే. ఆ లోపల షాఫ్టు ఎన్ని చుట్లు తిరుగునో అదియే ఆ పెట్టె లెక్క.

కుర్రవాడు చక్రము త్రిప్పుచుండగా మేస్త్రి షాఫ్టుప్రక్క వెల్లకిల పరుండి లెక్కపెట్టినాడు. కుర్రవానికి ఆజ్ఞలు కన్నడములోనే. లెక్క మాత్రము తెలుగులో. “ఒకటి... రెండు... మెల్లగ తిప్పప్పా... మూడు...” పరభాషల నడుమ పుట్టి పెరిగినవారు వ్యవహారమంతయు ఏ భాషలో చేసినను, నోటిలెక్కను ఇంటిభాషలోనే చేయుదురని మేము పలుచోట్ల గమనించితిమి. ఈయనకు లెక్క నేర్పినది అవ్వయట. ఆమె నేర్పిన లెక్క అణాల లెక్క. 1957 ఏప్రిల్‌లో నయాపైసలు వచ్చినవి గాని, ఆమె నోట రూపాయి చివరివరకు పదునారణాలుగనే ఉండెనట. అందువలన ఐదుచుట్లు పూర్తియై షాఫ్టు మీది గీత మరికొంత జరిగి నిలిచినప్పుడు, మేస్త్రి ఆ జరిగినంతను వ్రేళ్లతో కొలిచి, “ఐదు రూపాయల ఆరణాలు” అని కేకవేసినాడు.

ముందుచక్రమునకును అట్లే. రెండు చుట్లకు నాలుగు నిండు చుట్లు తిరిగి, ఐదవది పూర్తికాకుండ, కొంచెము తక్కువలో నిలిచినది. “నాలుగు రూపాయల పద్నాలుగణాలు.” మేస్త్రి లేచి వీపుమీది ధూళి దులుపుకొనుచు, “అర్ధరూపాయి తేడా సామీ. అన్నదమ్ములకి పంపకాలు సరిగ లేవు. కొట్టుకోక ఏం చేస్తారు?” అన్నాడు.

పండ్లలెక్కలో చెప్పవలెనన్న ఇట్లు. యుద్ధకాలపు జీపులలో పినియన్‌కు 8 పండ్లు, క్రౌనుకు 39. భాగించిన నాలుగు, ఏడు ఎనిమిదవ వంతులు. యుద్ధానంతరము పౌరులకై చేసిన జీపులలో పినియన్‌కు 8, క్రౌనుకు 43. ఐదు, మూడు ఎనిమిదవ వంతులు. మా జీపు ముందుపెట్టె సైన్యమునాటిది. కొత్తగ తగిలించిన వెనుకపెట్టె తరువాతి కాలపు బండిది. పైకి చూచిన అన్నదమ్ములవలె ఉన్నవి. రెండు షాఫ్టులను కలిపి కట్టినప్పుడు వెనుకచక్రము పదిచుట్లు తిరుగునప్పటికి ముందుచక్రము పదకొండు తిరుగవలెనని పట్టుపట్టును. రోడ్డు ఒప్పుకొనదు. ఆ బలవంతమంతయు షాఫ్టుల మీద, క్రాసుల మీద, ట్రాన్స్‌ఫర్ కేసు పండ్ల మీద పడును. అట్లే నడిపియున్నచో ఏ రాత్రియో రేగడి నడుమ, అక్కగారు లోపల కూర్చుండియుండగా, ఏదో ఒకటి ఫట్టుమని తెగియుండెడిది. ఏ ఒక్క పెట్టెయును చెడలేదు. విడివిడిగ విప్పి చూచినచో జీవితాంతము చూచినను దోషము కనబడదు, దోషము ఒకదానిలో లేదు గనుక.

కార్ఖానావారు చెప్పినట్లు వెనుక సెట్టును మార్చియున్నచో ఏమగును? వెనుక ఉన్నదానిని చూచి అదే లెక్క గల కొత్త సెట్టును తెచ్చియుందురు, నలుబదిమూడుకు నలుబదిమూడు. ధనము పోయి రోగము నిలిచియుండెడిది. పిమ్మట ట్రాన్స్‌ఫర్ కేసు, పిమ్మట అమ్మకము, పిమ్మట అక్కగారి పెట్టెబేడ బళ్లారికి.

ఏ ప్రక్కను మార్చవలెనను దానిపై కొంత చర్చ జరిగెను. వెనుకదానిని 39కి మార్చిన తారుమీద పరుగు బాగుండును, ఇంజను అరుపు తగ్గును. ముందుదానిని 43కి మార్చిన పరుగు తగ్గును గాని, బురదలో లాగుడు హెచ్చును. “పందేలకా, అక్కమ్మకా?” అని మేస్త్రి ఒక్క మాటతో చర్చను ముగించినాడు. పైగా 43 పండ్ల జత పాత ఇనుపసామానుల అంగళ్లలో సులభముగ దొరకునట. బళ్లారిలో మూడు దినములు వెదకి ఆయనయే ఒకటి తెచ్చినాడు.

ఆ జతను కూర్చుట చూడవలసినది. పినియన్‌ను కాగితమంత పలుచని రేకుబిళ్లలు వేసి ముందునకు వెనుకకు జరుపుదురు. క్రౌను పండ్లమీద నూనెలో కలిపిన సిందూరము పూసి త్రిప్పుదురు. పండ్లు ఒకదానినొకటి తాకినచోట సిందూరము చెరగి ముద్ర పడును. ముద్ర పంటికొన మీద పడినచో పినియన్ దూరముగ ఉన్నదన్నమాట, లోపలికి జరుపవలెను. మొదట పడినచో మరీ లోపలికి పోయినదన్నమాట, వెలికి తీయవలెను. నట్టనడుమ పడవలెను. పండ్ల నడుమ ఆట అంగుళములో వేయింట అయిదారుపాళ్లకు మించరాదు. అసలే లేకపోయినను ముప్పే. ఈ బిళ్ల తీసి ఆ బిళ్ల వేయుటలో ఒక దినమంతయు గడచెను. పదునొకండవ మారు ముద్ర నడుమ పడినది. కుర్రవాడు, “ఇక చాలు” అన్నాడు. మేస్త్రి మరియొకమారు విప్పించి, మరల పూసి, అదే ముద్ర రెండవమారును పడినపిదప నూనె పోయించినాడు. తొంబది నంబరు నూనె, చిక్కనిది.

మరునాడు అదే ఎఱ్ఱనేల మీద మీట వేసి నడిపితిమి. జాడలో గాడులన్నియు నిలిచినవి. మీట చిటికెనవ్రేలితో వెనుకకు వచ్చెను. మీటరు మాత్రము అక్కగారి ఊరిని ముప్పదిమూడు మైళ్లలోనే ఉంచినది; దానికి మందు వెనుకపెట్టెలో ఉన్నది గాని ముందుపెట్టెలో లేదు. ఆ వారము రెండవమారు ఆసుపత్రికి తెచ్చుటకు పోయినప్పుడు నల్లనేల మోకాలిలోతు ఉండెను. అక్కగారు సంచి పట్టుకొని గడపలో నిలిచియుండిరి. జీపు ఎక్కుచు, “ఇంతసేపేమిరా?” అని మాత్రము అనిరి.

మేస్త్రి నాలుగు దినముల కూలి, సామానుల వెల తీసికొనినాడు. రోగము కనిపెట్టినందుకు ఏమైన పుచ్చుకొనుమనగా, లెక్కపెట్టినందుకు కూలి ఏమిటని నవ్వినాడు. మా ముందుపెట్టె నుండి తీసిన ఎనిమిది, ముప్పదితొమ్మిది పండ్ల జతను మాత్రము అడిగి ఉంచుకొనినాడు. దానికి అరుగుదల ఏమియు లేదు. కిరోసినుతో కడిగి, గ్రీసు పూసి, గోనెలో చుట్టి, వేపచెట్టు కొమ్మకు కట్టియుంచినాడు. ఈ సంచికను చదువువారిలో ఎవరి ఇంటనైన యుద్ధకాలపు జీపు ఇంకను మిగిలియుండి, దానికి అట్టి జత కావలసియున్నచో, కూరెకుప్పలో అడుగవచ్చును.